మన ఆరోగ్యం: థైరాయిడ్ రిపోర్టు చేతికి వచ్చినప్పుడు

రూవీలో సామాన్లకు వెళ్ళినా, పండుగ భోజనాల పంక్తిలో కూర్చున్నా ఈ మధ్య మనవారి నోట తరచుగా వినిపిస్తున్న మాట "థైరాయిడ్". అందుచేత ఈ నెల శీర్షికను దానికే కేటాయిస్తున్నాము.

నీరసం, ఒళ్ళు పెరగడం, జుట్టు రాలడం, మలబద్ధకం, చలికి ఓర్వలేకపోవడం. ఇవన్నీ మెల్లమెల్లగా వస్తాయి. ఆడవారికైతే "బద్ధకం" అన్న పేరు కూడా పడుతుంది. బయట మస్కట్ ఎండ మండిపోతుంటే ఇంట్లో ఏ.సి. కట్టేయమనే ఇల్లాలిని చూసి నవ్వుకునే బదులు రక్తపరీక్ష చేయించడం మేలు.

రిపోర్టు చదవడంలో మనవారు రెండుచోట్ల పొరబడుతున్నారు. టి.ఎస్.హెచ్. ఎక్కువని ఉంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందనుకుంటారు. సాధారణంగా సంగతి అందుకు తలకిందులు. పలకని పిల్లవాణ్ణి తల్లి గొంతు పెంచి పిలిచినట్లు, థైరాయిడ్ మందగించినకొద్దీ మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి టి.ఎస్.హెచ్.ను పెంచుతుంది. పెద్దలకు సుమారు 0.4 నుంచి 4 వరకు మామూలు. ల్యాబును బట్టి కొద్ది తేడా ఉంటుంది.

రెండవది కొలమానం. సెలవులో హైదరాబాదులో చేయిస్తే ఫ్రీ టి4 1.2 అని వస్తుంది. ఇక్కడికొచ్చి చేయిస్తే 15 అని రావచ్చు. జబ్బు పన్నెండింతలైందని కంగారు పడకండి. అక్కడ సాధారణంగా డెసిలీటరుకు నానోగ్రాముల లెక్క. లీటరుకు పికోమోల్‌ల లెక్క వాడే ల్యాబులో ఆ అంకె 12.87 రెట్లు కనిపిస్తుంది. రెండూ ఒకటే!

శరీరం తన గ్రంథినే పరాయిదనుకుని దెబ్బతీయడం ఈ లోపానికి ఒక ముఖ్య కారణం. జపాను వైద్యుడు హషిమోటో 1912లో దీన్ని వర్ణించాడు. కనుక ఒట్టి పథ్యంతో తగ్గేది కాదు. అయితే మందు ఉంది. 1891లో ఇంగ్లండులో డాక్టర్ ముర్రే గొర్రె థైరాయిడ్ సారంతో ఒకామెకు చికిత్స చేస్తే, ఆమె ఆ తరువాత దాదాపు 28 ఏళ్ళు బ్రతికింది. 1927 నాటికి థైరాక్సిన్‌ను ప్రయోగశాలలోనే తయారుచేశారు.

మాత్రను పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోవాలి. కాఫీ, టిఫిను అరగంట నుంచి గంట ఆగాక. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ పరీక్ష. ఎండలో నిలిపిన కారులో మాత్రలు ఉంచవద్దు. ఒంట్లో బాగుందని సొంతంగా మానవద్దు.

చివరగా ఒక మాట. పెళ్ళి సంబంధాలు చెడతాయని ఆడపిల్ల రిపోర్టు దాచే తల్లిదండ్రులున్నారు. గర్భం వచ్చిన తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం. అప్పుడు చాలామందికి మోతాదు పెంచవలసి వస్తుంది. దాచిన మాత్ర వేళకు వేసుకోవడం కుదరదు. రోజుకొక మాత్రతో చక్కబడే లోపానికి సిగ్గెందుకు? పిల్ల రిపోర్టులన్నీ ఒక ఫైలులో పెట్టి, ఏ ఇంటికి వెళ్ళినా వెంట తీసుకువెళ్ళమనండి. సారెతోపాటు అదీ ఒకటి.