గుత్తి కొండ చెప్పిన నీళ్ళ లెక్క

పిల్లలూ! మీరెప్పుడైనా అమ్మానాన్నలతో కలిసి కొండ ఎక్కారా? తోవలో ఏమేమి చూశారు? ఈ నెల మేము ఎక్కిన ఒక కొండ సంగతి చెబుతాను. ఆ కొండ మాకొక లెక్క నేర్పింది. చివరికి ఆ లెక్క మీచేత కూడా చేయిస్తాను.

అనంతపురం జిల్లాలో గుత్తి అనే ఊరున్నది. ఊరి పక్కనే పెద్ద రాతి కొండ, దానిమీద పాత కోట. చుట్టూ ఉన్న నేలకన్నా ఆ కొండ కొన సుమారు 300 మీటర్ల ఎత్తు. సంక్రాంతి సెలవులలో ఒకనాడు పొద్దున్నే మేము అయిదుగురం బయలుదేరాము: మా అమ్మ, నేను, నా భార్య, పన్నెండేళ్ళ అబ్బాయి, ఎనిమిదేళ్ళ అమ్మాయి. నాలుగు సీసాలనిండా నీళ్ళు తీసుకున్నాము. మా అమ్మ తన మరచెంబు తాను తెచ్చుకున్నది.

కొండ కింద కూర్చుని ఉగ్గాని తిన్నాము. చేతులు కడుక్కునే వంకతో పిల్లలిద్దరూ ఒకరిమీద ఒకరు నీళ్ళు చల్లుకున్నారు. రెండు సీసాలు ఖాళీ అయినవి.

“నీళ్ళు పారబోయొద్దండప్పా! పైన ఎవరిస్తారు?” అన్నది మా అమ్మ.

“చలికాలంలో దాహమేమిటమ్మా? గంటలో దిగివస్తాముగా!” అన్నాను నేను. తప్పు పిల్లలది మాత్రమే కాదు, నాది కూడా.

తోవ వెంట నాగజెముడు, జిల్లేడు, సీతాఫలం చెట్లు కనిపించాయి. “ఇంత ఎండిపోయిన చోట ఇవన్నీ ఎట్లా బతుకుతున్నాయి నాన్నా?” అని అబ్బాయి అడిగాడు.

నాగజెముడును చూడండి. మనం ఆకు అనుకునే ఆ దళసరి పలక నిజానికి దాని కాండమే. అందులో నీరు దాచుకుంటుంది. నీరు ఆకులగుండా ఆవిరై పోతుంది కదా? అందుకని ఆకుల బదులు దానికి ముళ్ళున్నాయి. జిల్లేడు ఆకుమీద వేలితో రాస్తే తెల్లని పొడి అంటుకుంటుంది. అది దానికి కప్పుకున్న దుప్పటివంటిది, తడిని తొందరగా పోనివ్వదు. సీతాఫలం చెట్టు ఎండలు ముదరకముందే ఆకులు రాల్చేసి ఖర్చు తగ్గించుకుంటుంది. ఒకటి దాచుకుంటుంది, ఒకటి కప్పుకుంటుంది, ఒకటి ఖర్చు మానుకుంటుంది. మేము మాత్రం ఈ మూడింటిలో ఒక్కటీ చేయలేదు!

కోట ద్వారాలు ఒకటొకటే దాటి పైకి చేరేసరికి పదకొండు దాటింది. రాయి కాలుతున్నది. సీసాలలో చుక్క లేదు. అమ్మాయి ముఖం కందిపోయింది. అంతలో ఒక దొనలో నీళ్ళు చూసి పరుగెత్తింది. వాళ్ళమ్మ చప్పున చెయ్యి పట్టుకుని ఆపింది. పచ్చగా పాచి పట్టిన ఆ నీళ్ళు తాగితే జబ్బు చేయదూ? పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు మా అమ్మ మరచెంబు మూత తిప్పింది. ముందుగా పిల్లకు, తరువాత మా అందరికీ తలా రెండు గుక్కలు పోసింది. తాను మాత్రం పెదవులు తడుపుకుని మూత బిగించింది. “దిగేదానికీ ఉండాల కదా!” అన్నది.

కొండ అంచున ఒక చిన్న మంటపం ఉన్నది. మురారిరావు అనే మరాఠా సర్దారు అక్కడ కూర్చునేవాడట. ఆ నీడలో కూర్చుని పిల్లలకు అతని కథ చెప్పాను. మైసూరు హైదరాలీ ఈ కోటను ముట్టడించాడు. పైకోటలో నీళ్ళు తరిగిపోయినందున మురారిరావు డబ్బిచ్చి సంధి చేసుకోదలచాడు. హామీగా హైదరు వద్దకు పంపిన యువకుడు, విందు మాటలలో, కోటలో మూడు రోజుల నీళ్ళే ఉన్నాయని నోరుజారాడట. హైదరు సంధి మాట వదిలి ముట్టడి బిగించాడు. 1776లో కోట లొంగిపోయింది.

“అతను ఆ మాట చెప్పకుండా ఉండవలసింది!” అన్నాడు అబ్బాయి.

“చెప్పకుంటే నీళ్ళు పెరుగుతాయా?” అన్నది మా అమ్మ.

దిగేటప్పుడు మేము ఎక్కువ మాట్లాడలేదు. సగం దారిలో అమ్మాయికి ఇంకొక రెండు గుక్కలు దొరికాయి. కింద ఒక ఇల్లాలు మమ్మల్ని చూసి బిందెతో నీళ్ళు తెచ్చి పోసింది. తాగగా లోటాలో మిగిలిన నీళ్ళను మా అమ్మాయి నేలమీద పారబోయకుండా, గోడ పక్కనున్న మొక్క మొదట్లో పోసింది. ఎవరూ చెప్పలేదు.

ఇక లెక్క. అనంతపురానికి వాన ఎందుకు తక్కువో తెలుసా? అరేబియా సముద్రంనుంచి వచ్చే నైరుతి మేఘాలు పడమటి కనుమలమీదే చాలావరకు కురిసిపోతాయి. బంగాళాఖాతంనుంచి వచ్చే ఈశాన్య మేఘాలు ఇంత లోపలికి చేరేసరికి బలహీనమవుతాయి. ఏడాది మొత్తానికి ఇక్కడ కురిసేది సగటున సుమారు 550 మిల్లీమీటర్లే.

అయినా, ఒక చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీరవుతుంది. 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న మిద్దె 30 చదరపు మీటర్లు. 550ని 30తో హెచ్చవేయండి: 16,500 లీటర్లు! 15 లీటర్ల బిందెలతో కొలిస్తే 1,100 బిందెలు. ఆవిరై, కారిపోయి నాలుగో వంతు నష్టమైనా 12,000 లీటర్లకు పైనే మిగులుతుంది. ఇంత ఎండు సీమలో, ఒక్క చిన్న మిద్దెమీద!

పెద్దలకు ఈ సంగతి తెలియకపోలేదు. కొండమీద కోట కట్టినవారు వాన నీటిని దొనలలో, బావులలో పట్టి ఉంచారు. అనంతపురం పక్కనే విజయనగర రాజులనాటి బుక్కరాయసముద్రం చెరువు నేటికీ ఉన్నది. వాన తక్కువైన చోట పడినదాన్ని పడినచోటే పట్టుకోవాలి, పట్టుకున్నదాన్ని లెక్కగా వాడాలి. ఒకటి చేసి రెండోది మరిస్తే ఏమవుతుందో మా నాలుగు సీసాలు చెప్పాయి కదా!

మీరూ ఒక పని చేయండి. మీ ఇంటి మిద్దె పొడవు, వెడల్పు కొలిచి హెచ్చవేయండి. మీ జిల్లాలో ఏడాదికి ఎంత వాన పడుతుందో మీ మాస్టారునడిగి, ఆ సంఖ్యతో మళ్ళీ హెచ్చవేయండి. వచ్చిన జవాబును నాన్నగారికి చూపించి, “ఈ నీళ్ళన్నీ ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయి?” అని అడగండి.

కొండ ఎక్కబోయే రోజున మాత్రం ముందుగా మీ జేజిమాట వినండి!