ఒక ఏడాది విదేశం కోసం తెలుగు వదులుకోవాలా?

కె.ఆర్.పురం చుట్టుపక్కల తెలుగు మైనారిటీ బడుల్లో పాఠాలు చెప్పే మాకు, జూన్ నెల వచ్చిందంటే ఒక ప్రశ్న తప్పదు. ఎనిమిదో తరగతి భాషల కాగితం చేతిలో పట్టుకుని తల్లిదండ్రులు అడుగుతారు: "తెలుగు పెట్టిస్తే మావాడికి రేపు ఫారిన్ చదువులకి ఏం పనికొస్తుంది సార్? సంస్కృతమైతే మార్కులైనా వస్తాయి. పీయూసీలో ఫ్రెంచ్ తీసుకుంటే బయటికి వెళ్లినప్పుడు అక్కరకొస్తుంది కదా?"

అడగడంలో తప్పేమీ లేదు. ఎస్ఎస్ఎల్‌సిలో మొదటి భాషకు 125 మార్కులు. బిడ్డ బాగు కోరే తల్లిదండ్రులు లెక్క వేసుకోక ఏం చేస్తారు? కానీ ఆ లెక్క సరైనదేనా అన్నది చూడాలి. విదేశీ చదువు అనగానే మనకు గుర్తొచ్చేది ఒకటే దారి. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి, నలభై యాభై లక్షల అప్పు తెచ్చి, రెండేళ్ల ఎంఎస్‌కు పంపడం. దానికంటే తక్కువ ఖర్చుతో, తక్కువ ప్రమాదంతో సాగే ఇంకో దారి ఉంది. దాని పేరు ఎక్స్ఛేంజి. ఆ దారిలో నడిచే పిల్లలకు బడిలో చదివిన తెలుగు అడ్డు కాదని, పైగా అండ అని మేము గట్టిగా నమ్ముతున్నాం. ఎందుకో చెప్తాం.

ముందుగా ఎక్స్ఛేంజి అంటే ఏమిటో చూద్దాం. విద్యార్థి చేరింది బెంగళూరులోని కాలేజీలోనే. డిగ్రీ ఇచ్చేదీ ఆ కాలేజీయే. మధ్యలో ఒక సెమిస్టరో, ఒక ఏడాదో ఒప్పందం ఉన్న విదేశీ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి మార్కులు క్రెడిట్ల రూపంలో ఇక్కడికి తెచ్చుకుంటారు. మామూలుగా ఫీజు ఇక్కడి కాలేజీకే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. అటు నుంచి ఒకరు ఇటు వస్తారు, ఇటు నుంచి ఒకరు అటు వెళ్తారు. అందుకే దానికి ఆ పేరు.

ఇది కొత్త ఆలోచన కాదు. 1923లో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం ఎనిమిది మంది విద్యార్థులను ఒక ఏడాది చదువుకు ఫ్రాన్స్ పంపింది. యూరప్‌లో 1987లో ఎరాస్మస్ పథకం వచ్చింది. తొలి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది వెళ్లారు. ఇప్పుడు ఆ పథకం యూరప్ బయటి దేశాలకూ విస్తరించింది. ఎరాస్మస్ ప్లస్ ఒప్పందం ఉన్న భారతీయ కాలేజీ విద్యార్థి ఎంపికైతే నెలకు 800 యూరోలు, కొన్ని దేశాల్లో అంతకంటే కాస్త ఎక్కువ భత్యం అందుతుంది. జపాన్‌లో జాసో అనే సంస్థ ఎక్స్ఛేంజి విద్యార్థులకు నెలకు 80,000 యెన్లు ఇస్తుంది.

భత్యం లేకుండా వెళ్లే పిల్లలకు ఖర్చు తప్పదు. ఉదాహరణకు జర్మనీ వీసా కోసం ఏడాదికి 11,904 యూరోలు ఉన్నట్టు చూపాలి. యూరో 100 రూపాయలనుకుంటే దాదాపు 12 లక్షలు. చిన్న మొత్తం కాదు. అయితే అది ఎవరికో కట్టేసే ఫీజు కాదు. పిల్లల పేరిటే ఉండి, తిండికీ గదికీ నెలకు 992 యూరోల చొప్పున చేతికి వచ్చే డబ్బు. ఒకే సెమిస్టర్ వెళ్తే ఖర్చు దాదాపు సగం. ఇల్లు తాకట్టు పెట్టే ఎంఎస్‌తో పోల్చి చూసుకోండి. పైగా ఈ పిల్లలు తిరిగొచ్చి ఇక్కడే డిగ్రీ పూర్తి చేస్తారు. అక్కడి చదువు, చలి, ఒంటరితనం తమకు సరిపడతాయో లేదో పెద్ద అప్పు చేయకముందే తెలుస్తుంది.

ఇప్పుడు భాష సంగతికి వద్దాం. పరాయి దేశంలో మొదటి నెల పిల్లలను బాధపెట్టేది పాఠం కాదు. మాట అర్థం కాకపోవడం, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడటం. ఇంట్లో, వీధిలో, బడిలో ఒకే భాష విని పెరిగిన వాళ్లకు ఆ స్థితి కొత్త. మన పిల్లలకు కొత్త కాదు. ఇంట్లో చిత్తూరు తెలుగో, అనంతపురం తెలుగో. పక్కింట్లో కన్నడ. సంతలో కన్నడ, తమిళం కలగలుపు. రైల్వే స్టేషన్ దగ్గర హిందీ. క్లాసులో ఇంగ్లిష్. తెలియని మాట వినపడితే కంగారు పడకుండా, సందర్భం పట్టుకుని, రెండు మాటలు కలిపి పని జరిపించుకోవడం మన కె.ఆర్.పురం పిల్లలు ఏడో ఏటికే నేర్చుకుంటారు. విదేశానికి కావలసిన మొదటి చదువు అదే.

దూరవాణినగర్‌లో ఐటీఐ కర్మాగారం 1948లో మొదలైనప్పటి నుంచి, ఆ తర్వాత రైల్వే లోకోషెడ్‌కూ, వైట్‌ఫీల్డ్ ఆఫీసులకూ, కట్టడాల పనికీ తెలుగువాళ్లు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. 2011 జనగణన ప్రకారం కర్ణాటకలో దాదాపు 35 లక్షల మందికి తెలుగు మాతృభాష. మనలో చాలామంది తాతలు పరాయి భాష మధ్య కుదురుకున్నవాళ్లే. మనవళ్లు పారిస్‌లోనో, ఒసాకాలోనో చేయబోయేది కూడా అదే పని.

"మాట్లాడటం ఎలాగూ ఇంట్లో వస్తుంది, బడిలో ఎందుకు?" అంటారు కొందరు. మాట్లాడటం వేరు, చదివి రాయడం వేరు. కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979 నుంచి చెబుతూ వచ్చిన విషయం ఒకటుంది. ఒక భాషలో లోతుగా చదవడం, ఆలోచనను వరుసలో పెట్టి రాయడం వచ్చిన బిడ్డకు ఆ నేర్పు రెండో భాషలోకీ మూడో భాషలోకీ వెంట వస్తుంది. మాతృభాషలో ఒక పేజీ తిన్నగా రాయగలిగిన అమ్మాయికి, ఇంగ్లిష్‌లో దరఖాస్తు వ్యాసం రాయడం అంత కష్టం కాదు. క్లాసులో రోజూ చూస్తున్న మాకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఫ్రెంచ్, జర్మన్ నేర్చుకోవద్దని మేము అనడం లేదు. ఎప్పుడు, ఎలా అన్నదే ప్రశ్న. యూరప్‌లో భాషా స్థాయిని ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుగా కొలుస్తారు. అక్కడి భాషలో పాఠాలు వినాలంటే సాధారణంగా బి1, బి2 మెట్లు అడుగుతారు. పీయూసీలో మార్కుల కోసం చదివిన రెండేళ్ల ఫ్రెంచ్ అంత దూరం తీసుకుపోదు. మరోవైపు ఎక్స్ఛేంజి విద్యార్థులకు ఇంగ్లిష్‌లో బోధించే కోర్సులు చాలాచోట్ల ఉన్నాయి. స్థానిక భాషను అక్కడే మొదటి అక్షరం నుంచి నేర్పుతారు. డిగ్రీలో చేరాక, వెళ్లే దేశం తేలాక, ఏడాదిపాటు సాయంత్రం క్లాసుకు వెళ్లినా సరిపోతుంది. ఎనిమిదో తరగతిలో తెలుగు మానేసి కొనుక్కోవలసిన వస్తువు కాదది.

మనకు దగ్గరలోనే ఒక ఉదాహరణ ఉంది. కె.ఆర్.పురం మీదుగా పోయే పాత మద్రాసు రోడ్డు పట్టుకుని హోసకోట, కోలారు, ముళబాగిలు దాటి పోతే చిత్తూరు. ఆ పక్కనున్న కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి మద్రాసులో చదువుకునే రోజుల్లోనే తెలుగులో 'ముసలమ్మ మరణము' కావ్యం రాశారు. తర్వాత స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జ్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీకి వెళ్లారు. అక్కడి విద్యార్థుల చర్చావేదిక కేంబ్రిడ్జ్ యూనియన్‌కు ఉపాధ్యక్షుడయ్యారు. తిరిగొచ్చాక మైసూరు సంస్థానంలో మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్‌గా, విద్యాశాఖ అధిపతిగా పనిచేశారు. 1914లో 'కవిత్వతత్త్వ విచారము' రాసి తెలుగు విమర్శకు కొత్త చూపు తెచ్చారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడయ్యారు. ఆయనది ఎక్స్ఛేంజి చదువు కాదు, నిజమే. కానీ మన ప్రశ్నకు జవాబు అందులో ఉంది. తెలుగు ఆయనను కేంబ్రిడ్జ్ వెళ్లకుండా ఆపలేదు, కేంబ్రిడ్జ్ ఆయన దగ్గర తెలుగును లాక్కోలేదు.

ఇంకో సంగతి కూడా తల్లిదండ్రులకు తెలియాలి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1961లో 'కాలేజ్ ఇయర్ ఇన్ ఇండియా' పేరుతో ఒక పథకం మొదలుపెట్టింది. విద్యార్థులు వేసవిలో మాడిసన్‌లో భాష మొదలుపెట్టి, తర్వాత విద్యాసంవత్సరమంతా మన దేశంలో ఉండేవారు. హిందీ తీసుకున్నవాళ్లు వారణాసికి, తమిళం తీసుకున్నవాళ్లు మదురైకి, తెలుగు తీసుకున్నవాళ్లు విశాఖపట్నానికి వచ్చారు. ఒక్కొక్కరు ఒక విషయం ఎంచుకుని, ఊళ్లో తిరిగి, జనంతో మాట్లాడి నివేదిక రాయాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1998 నుంచి విదేశీ విద్యార్థుల కోసం 'స్టడీ ఇన్ ఇండియా' కార్యక్రమం నడుపుతోంది. పరాయి పిల్లలు సముద్రాలు దాటి వచ్చి దిద్దుకున్న అక్షరాలను, విదేశానికి పనికిరావని మనం టైంటేబుల్ నుంచి కొట్టేస్తున్నాం. ఇందులో ఏదో తిరకాసు ఉందని అనిపించడం లేదా?

ఎక్స్ఛేంజి అందరికీ సరిపోతుందని మేము చెప్పం. వైద్యం, నర్సింగ్ వంటి కోర్సుల్లో నిబంధనలు గట్టివి, మధ్యలో ఏడాది బయట చదవడం దాదాపు కుదరదు. ఇంజినీరింగ్‌లో మూడో ఏడాది, నాలుగో ఏడాది బయట ఉంటే క్యాంపస్ ఉద్యోగాల కాలం చేజారవచ్చు. కొన్ని సబ్జెక్టులు ఇక్కడికి లెక్కకు రాకపోతే మళ్లీ రాయాలి. ఇంటి పరిస్థితి ఒప్పుకోని పిల్లలూ ఉంటారు. "ఆడపిల్లను ఒక్కదాన్నే అంత దూరం ఎలా పంపుతాం?" అనే తల్లుల భయాన్ని కొట్టిపారేయలేం. ఆ తల్లులకు మేం చెప్పేది ఒకటే. ఎక్స్ఛేంజిలో అటు ఒక కాలేజీ, ఇటు ఒక కాలేజీ బాధ్యత తీసుకుంటాయి. ఏజెంటు చేతిలో పెట్టి పంపే చదువుకంటే ఇది భద్రం.

అయితే ఇవన్నీ కాలేజీకి వెళ్లాక మొదలయ్యే పనులు కావు. కొన్ని బడిలోనే జరగాలి.

మొదటిది పేరు. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడ ఇనిషియల్‌గా కుదించి వెనక రాస్తారు. జనన ధృవపత్రంలో ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు, ఎస్ఎస్ఎల్‌సి మార్కుల కార్డులో మరో తీరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంతపేరు విడివిడి గళ్లలో పూర్తిగా రాయాలి. అక్షరం తేడా ఉన్నా వీసా వేళ తిప్పలే. తొమ్మిదో తరగతిలో పేర్లు నమోదు చేసే ముందు ప్రతి బిడ్డ కాగితాలూ పక్కపక్కన పెట్టి సరిచూడమని సాటి ఉపాధ్యాయులను కోరుతున్నాం. తల్లిదండ్రులు కూడా ఆ రోజు సంతకం పెట్టి వెళ్లిపోకుండా, ప్రతి అక్షరం చదవండి.

రెండోది కాలేజీ ఎంపిక. చేరేముందే నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ విదేశీ విశ్వవిద్యాలయాలతో ఒప్పందం ఉంది? ఏటా ఎంతమందిని పంపారు? ఫీజు ఎక్కడ కట్టాలి? అక్కడి క్రెడిట్లను ఇక్కడ లెక్కిస్తామని ప్రయాణానికి ముందే రాసిస్తారా? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. యూరప్‌లో ఏడాదికి 60 క్రెడిట్లు, మన దగ్గర లెక్క వేరు. నోటిమాట నమ్మి వెళ్తే నష్టపోయేది బిడ్డే. ఇంకో తేడా కూడా గమనించండి. యూజీసీ 2022 నిబంధనల కింద ట్విన్నింగ్, జాయింట్ డిగ్రీ, డ్యూయల్ డిగ్రీ అనే కోర్సులు వచ్చాయి. ట్విన్నింగ్‌లో 30 శాతం దాకా క్రెడిట్లు విదేశంలో చదవవచ్చు. వీటి ఫీజు లెక్క ఎక్స్ఛేంజిలాంటిది కాదు. ప్రకటనలో పేరు చూసి పొరబడకండి.

మూడోది తెలుగు. రాజ్యాంగం 350-ఎ అధికరణం మాతృభాషలో బోధన గురించి చెప్పింది ప్రాథమిక దశకే. ఆ పైతరగతుల్లో తెలుగు ఉండాలా వద్దా అన్నది తల్లిదండ్రులు నింపే కాగితం మీద ఆధారపడి ఉంది. పిల్లలు తగ్గితే సెక్షన్ పోతుంది. సెక్షన్ పోతే ఖాళీ అయిన ఉపాధ్యాయుడి స్థానం నిండదు. ఒకసారి మూసిన తెలుగు తరగతి మళ్లీ తెరుచుకోవడం చాలా కష్టం. కన్నడ ఎలాగూ నేర్చుకోవాలి, నేర్చుకుని తీరాలి. ఉంటున్న నేల భాష అది. ఇంగ్లిష్ ఉంటుంది. వాటి పక్కన పదో తరగతి దాకా తెలుగు నిలబడితే, బిడ్డకు మూడు భాషల్లో చదివి రాసే బలం వస్తుంది.

ఉపాధ్యాయులకూ ఒక మాట. తెలుగు పీరియడ్ అంటే నోట్సు రాయించి బట్టీ పట్టించడమే అయితే, తల్లిదండ్రులు సంస్కృతం వైపు చూడటంలో ఆశ్చర్యం లేదు. విశాఖకు వచ్చిన అమెరికా విద్యార్థులు చేసిన పని మన పిల్లలతో చేయిద్దాం. స్టేషన్ దగ్గర పూలమ్మే అవ్వ ఏ ఊరి నుంచి ఎప్పుడు వచ్చింది, లోకోషెడ్‌లో పనిచేసిన తాత ఏ పనిముట్టును ఏమనేవాడు, సంతలో ఎన్ని భాషలు వినిపిస్తాయి. ఇవి అడిగి, తెలుగులో రెండు పేజీలు రాసి, క్లాసులో చదవమందాం. కొత్త మనుషులను అడగడం, విన్నది రాయడం అలా వస్తాయి. రేపు ఏ దేశంలో చదివినా ఆ పిల్లలకు కావలసింది ఇదే.

కాబట్టి జూన్‌లో ఆ కాగితం ముందుకు వచ్చినప్పుడు తెలుగు గడి కొట్టేయకండి. విదేశానికి పంపాలన్న కోరిక ఉన్న ఇంట్లో అయితే, అసలు కొట్టేయకండి.