ఏ తూటా మంచిదని అడిగితే

కర్నూలు సమావేశంలో ఒక యువ కార్యకర్త అడిగింది: "అక్కా, ఆత్మరక్షణకు రివాల్వర్ కొంటే, ఒంట్లో దిగినాక విచ్చుకునే తూటాలే మేలంట కదా?" అవి దేహాన్ని దాటి వెనకున్నవాళ్ళకు తగిలే ప్రమాదం తక్కువే. కానీ కలకత్తా దగ్గరి డమ్‌డమ్ పేరు మోసిన ఆ జాతి తూటాలను యుద్ధంలో సైతం వాడొద్దంది 1899 హేగ్ ప్రకటన.

2014లో కాన్పూరు కర్మాగారం స్త్రీలకోసమంటూ 'నిర్భీక్' తెచ్చింది. అప్పటి ధర 1,22,360 రూపాయలు! శనక్కాయలు ఒలిచే కూలి మనిషి మాటేమిటి? కొన్నా, మనల్ని కొట్టేవాడు చాలాసార్లు ఇంట్లోవాడే. బీరువా తాళంచెవి అతని దగ్గరే.

ఈ సీమలో ఆయుధాలకు ఎన్నడు కొదవ? నాటుబాంబులు, వేటకొడవళ్ళు ఏ ఇల్లాలిని కాపాడాయి? ముఠా కక్షల్లో భర్తలను పోగొట్టుకుని నాతో మాట్లాడిన స్త్రీలెవరూ తుపాకి అడగలేదు. పొలం పట్టా తమ పేర కావాలన్నారు. 2005 గృహహింస చట్టం కింద ఫిర్యాదు తీసుకునే రక్షణాధికారి ఎక్కడుంటారని అడిగారు.

ఆ అమ్మాయికీ ఆ చిరునామాయే రాసిచ్చాను.