స్టీరింగ్ పట్టినోడే దోషా?

‘డ్రైవర్ అతివేగం, నిర్లక్ష్యమే ప్రమాదానికి కారణమని పోలీసులు ప్రాథమికంగా నిర్ధారించారు.’

ఈ వాక్యం నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. రిపోర్టర్‌గా పనిచేసిన ఎవరిని అడిగినా ఇదే చెప్తారు. రోడ్డు మీద రక్తం ఆరకముందే ఎస్సైకి ఫోన్ చేస్తాం. చనిపోయినవాళ్ల పేర్లు, ఊర్లు రాసుకుంటాం. చివర ఈ వాక్యం తగిలిస్తాం. తెల్లారి పేపర్ చూసినవాళ్లు అయ్యో అంటారు, డ్రైవర్‌ను నాలుగు తిడతారు. ముఖ్యమంత్రి దిగ్భ్రాంతి చెందుతారు, మంత్రి ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. అంతటితో కథ ఖతం.

ఇప్పుడు ఆ వాక్యాన్నే నిలదీయాలి. అది అబద్ధమని కాదు, సగం నిజమని. సగం నిజం అచ్చేస్తే మిగతా సగానికి బాధ్యులైనవాళ్లు హాయిగా నిద్రపోతారు.

కొండగట్టును యాది చేసుకోండి. 2018 సెప్టెంబర్ 11న ఘాట్ రోడ్డు దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల పల్లెల పేదలు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. ఆ ఒక్క బస్సులో వంద మంది దాకా ఉన్నారు. డ్రైవరూ బతకలేదు. ఆయన ఉత్తమ డ్రైవర్‌గా గుర్తింపు పొందినవాడేనని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. మరి నిర్లక్ష్యం ఎవరిది? ఆ ఘాట్ మీదుగా బస్సు పోవాలని రూటు వేసింది డ్రైవర్ కాదు. అంతమంది ఒకే బస్సులో కుక్కుకొని పోయే గతి పట్టించింది డ్రైవర్ కాదు. ‘నిండిపోయింది, ఇక ఎక్కించుకోను’ అనే హక్కు కాగితం మీద ఉంటుందేమో గానీ, స్టేజీ దగ్గర చేతులెత్తి నిలబడ్డ జనం ముందు ఉండదు. ఆఖరికి డిపో మేనేజర్‌ను సస్పెండ్ చేశారు. ఆ పైన కుర్చీల్లో ఉన్నవాళ్ల మీద ఈగ కూడా వాలలేదు.

అంతకు నాలుగేండ్ల ముందు మాసాయిపేట. 2014 జూలై 24న మెదక్ జిల్లాలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూలు బస్సును రైలు గుద్దింది. పలకా బలపం పట్టుకొని బయలుదేరిన పసిపిల్లలు పట్టాల మీద చెల్లాచెదురయ్యారు. డ్రైవర్ ఫోన్ మాట్లాడుతున్నాడని అన్నారు. అయి ఉండొచ్చు. అలాంటి గేటు దగ్గర బండి ఆపాలి, క్లీనరో ఇంకొకరో దిగి ముందుకు నడిచి రైలు రావట్లేదని చూసుకోవాలి, ఆ తర్వాతే దాటాలి. మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ చెప్పేది ఇదే. అది చేయకపోవడం తప్పే. కాదనను.

కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశామని 2019 జనవరి నాటికి రైల్వే శాఖ ప్రకటించింది. అలాంటి గేటే లేనప్పుడు అలాంటి ప్రమాదం ఎక్కడిది? దేశంలోని డ్రైవర్లంతా ఒక్క రాత్రిలో బుద్ధిమంతులు అయ్యారా? కాలేదు. కొన్నిచోట్ల గేటుమ్యాన్ వచ్చాడు. కొన్నిచోట్ల పట్టాల కింద నుంచి దారి వచ్చింది. మనిషి పొరపాటు చేసినా ప్రాణం పోకుండా ఏర్పాటు జరిగింది. అంటే చేయగలిగిన పనే. మాసాయిపేట పిల్లల కోసం మాత్రం ఎవరూ ముందే చేయలేదు.

రోడ్డు సంగతీ ఇంతే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. తెలంగాణలో ఏటా ఏడు వేల పైచిలుకు. రోజుకు ఇరవై శవాలు! ఆ ఏడాది మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం వల్లేనని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెప్పింది. ఆ లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? ఠాణాలో నింపిన కాగితాల నుంచే. గుంత ఎంత లోతుందో, మలుపులో రేడియం బోర్డు ఉందో లేదో, డ్రైవర్ నిద్రపోయి ఎన్ని గంటలైందో కొలిచే తీరిక ఎవరికుంది? అతివేగం అని రాసేస్తే ఫైలు కదులుతుంది.

చట్టం తూకం ఎటు మొగ్గుతుందో కూడా చూద్దాం. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే పాత ఐపీసీ 304-ఏ కింద రెండేండ్ల దాకా జైలు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ దాన్ని ఐదేండ్లు చేసింది. మంచిదే అనుకుందాం. మరి నాసిరకం రోడ్డు వేసి ప్రాణాలు తీసిన కాంట్రాక్టరుకు? 2019 సవరణలో 198-ఏ అనే సెక్షన్ తెచ్చారు. రోడ్డు డిజైన్‌లో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక జనం చనిపోతే లక్ష రూపాయల దాకా జరిమానా. జైలు లేదు! కోట్ల రూపాయల పనికి లక్ష రూపాయల జరిమానా. కాంట్రాక్టరుకు అదొక లెక్కనా? ఆ లక్ష అయినా కట్టిన కాంట్రాక్టరు పేరు మీ ఊర్లో ఎవరైనా విన్నారా?

ఓవర్‌లోడ్ లారీ సంగతి తీసుకోండి. డ్రైవర్ యజమాని కానప్పుడు, ఆ బరువు యజమానికి తెలిసే, ఆయన హుకుం మీదే ఎక్కిందని కోర్టు భావించవచ్చని 113వ సెక్షన్ చెప్తోంది. ఆ ఆయుధం చేతిలో ఉండి కూడా కేసు డ్రైవర్ దగ్గరే ఆగిపోతోంది. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని రాసింది. ఏ లారీ డ్రైవర్‌నైనా దాబా దగ్గర పలకరించండి. ఎనిమిది గంటల డ్యూటీ అంటే నవ్వుతాడు. ట్రిప్పుల లెక్కన పైసలిచ్చేటోడు, వేగంగా పొమ్మని నోటితో చెప్పాల్సిన పనిలేదు. ఆకలే యాక్సిలరేటర్ తొక్కిస్తది.

2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్, తాండూరు డిపో ఆర్టీసీ బస్సు గుద్దుకున్నాయి. 19 మంది చనిపోయారు. సీట్లలో కూర్చున్నవాళ్ల మీద కంకర కుప్పగా పడింది. పొద్దున్నే పట్నం బయలుదేరిన చదువుకునే పిల్లలు, ఉద్యోగాలకు పోయేవాళ్లు రాళ్ల కింద సమాధి అయ్యారు. రెండు బండ్ల డ్రైవర్లూ పోయారు. చచ్చినోళ్లను బోనెక్కించలేం. కానీ ఆ ఇరుకు రోడ్డు బతికే ఉంది. దాని విస్తరణ ఏండ్ల తరబడి ఎందుకు ఆగిందో ఫైళ్లు చెప్తాయి. మర్రిచెట్ల మీద నెపం వేయడం తేలిక. చెట్లూ బతకాలి, మనుషులూ బతకాలి అనే దారి వెతకడానికి అన్నేండ్లు పట్టాలా?

ఇదంతా చదివి డ్రైవర్లను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. తాగి బండెక్కినోడిని క్షమించేది లేదు. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర తాగి బైకు నడిపిన యువకుడు పడి చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకు మీదికి హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు ఎక్కి మంటలంటుకున్నాయి. మరో 19 మంది కాలిపోయారు. మొదటి తప్పు తాగినోడిదే. కానీ మంటలొస్తే నిద్రలో ఉన్నవాళ్లు బయటపడలేని బస్సును రోడ్డెక్కించింది ఎవరు? 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర ఇట్లాగే బస్సు కాలి 45 మంది బూడిదయ్యారు కదా! పన్నెండేండ్లలో ఏం నేర్చుకున్నాం?

విద్యార్థి మిత్రులారా, మీతోనూ ఓ మాట. 2022లో చనిపోయినవాళ్లలో సగానికి దగ్గరగా టూవీలర్ల మీద పోయినవాళ్లే. హెల్మెట్ పోలీసు కోసం కాదు, ఇంటి దగ్గర ఎదురుచూసే అమ్మ కోసం. ఉద్యోగ మిత్రులారా, మైనర్ కొడుక్కి బండి తాళం ఇవ్వడం గారాబం కాదు. వాడు ప్రమాదం చేస్తే తండ్రికి మూడేండ్ల దాకా జైలు అని చట్టంలో ఉంది. మన తప్పు మనం ఒప్పుకున్నప్పుడే పైవాళ్ల తప్పు అడిగే నోరు మనకుంటుంది.

అందుకే అడుగుదాం. ప్రాణం పోయిన ప్రతి కేసులో బండి యజమాని, లోడు ఎత్తిన క్వారీ, రోడ్డు వేసిన కాంట్రాక్టరు, ఫిట్‌నెస్ ఇచ్చిన అధికారి పాత్రను విచారించాలి. తప్పుంటే ఎఫ్ఐఆర్‌లో పేరెక్కాలి. పదేపదే ప్రమాదాలు జరిగే చోట్ల జాబితా పంచాయతీ గోడల మీద రాయాలి, ఎప్పటిలోగా బాగుచేస్తారో తేదీ వేయాలి. ఎక్స్‌గ్రేషియా చెక్కుతో పాటు విచారణ నివేదిక కూడా బాధితుల చేతికి రావాలి.

ఇక నా వంతు. ‘డ్రైవర్ నిర్లక్ష్యమే కారణం’ అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టడం నేను మానేస్తున్నా. ఆ ఫుల్‌స్టాప్ తర్వాత రాయాల్సిన పేర్లు చాలా ఉన్నాయి.