చక్రం తిప్పడమూ ఆటే

బిడ్డ తోటిపిల్లలతో ఆడకపోతే ముందుగా నింద పడేది తల్లిమీదే. వాడరేవులో తెల్లవారకముందే ఒడ్డుకు పోయి, చేపల గంప ఎత్తుకుని చీరాల వెళ్లే తల్లిని 'బిడ్డను పట్టించుకోవు' అంటారు. ఇంటిపట్టున ఉంటే 'ఫోను చేతికిచ్చి చెడగొట్టావు' అంటారు. ఆమె కొడుకు బొమ్మకారును నడపడు. తిరగేసి, చక్రం తిప్పుతూ గంటసేపు చూస్తాడు. వలకు కట్టే బెండ్లను వరసగా పేర్చుకుంటాడు, ఒకటి కదిపితే గోలపెడతాడు.

1943లో ఆటిజాన్ని వివరించిన లియో కానర్ కూడా పిల్లలు గుండ్రటి వస్తువులను గిరగిరా తిప్పడం గమనించాడు. తల్లిదండ్రుల్లో ఆప్యాయత కొరవడిందనీ రాశాడు. ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లండ్ 1964లోనే దీన్ని ఖండించినా, 1967లో బ్రూనో బెటల్‌హైమ్ పుస్తకం తల్లులనే దోషులను చేసింది. శాస్త్రం ఆ నిందను ఎప్పుడో కొట్టేసింది. మన వీధి అరుగులు ఇంకా కొట్టెయ్యలేదు.

వంట చేసినట్టు, పెళ్లి చేసినట్టు ఊహించి ఆడే ఆటలు ఈ పిల్లల్లో చాలామందికి కష్టం. తిరిగేవి, మెరిసేవి, నొక్కగానే శబ్దం చేసేవి ఇష్టం. చక్రం లాక్కుంటే ఏడుపే మిగులుతుంది. పక్కన కూచుని మనమూ ఒకటి తిప్పితే, వరసలోకి ఒక బెండు అందిస్తే, ఇద్దరి ఆట మొదలు కావచ్చు. ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. (గంటకింతని వసూలు చేసేవాళ్లు ఈ మాట చెప్పరు.)

ఆడపిల్ల బొమ్మలను ఒకే వరసలో పేర్చుకుంటూ మూల కూచుంటే బుద్ధిమంతురాలంటాం. ఆటిజం ఉన్నట్టు గుర్తించినవారిలో మగపిల్లలు మూడు నాలుగు రెట్లు ఎక్కువ ఉండటానికి ఈ మెప్పు కూడా ఒక కారణమని నేననుకుంటాను.

1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో, తర్వాత 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో చేరింది. మనదేశం 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను హక్కుగా చెబుతోంది. వైకల్యం ఉన్న పిల్లల కోసం అంగన్‌వాడీలకు 2023లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా 'వీణ్ణి మేం పట్టుకోలేం' అని గడపలోంచే పంపేస్తున్నారని తల్లులు నాతో అన్నారు. కార్యకర్తను తిట్టి లాభం లేదు. తూకాలు, సర్వేలు, రికార్డులు ఆమె నెత్తిన పెట్టి, ఈ పిల్లలతో ఎలా మెలగాలో నేర్పకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఆ శిక్షణను కార్యకర్తల వేతన డిమాండ్ల పక్కనే మనం పెట్టాలి.

వచ్చే సంచికలోగా మీ ఊళ్లో ఇలా ఇంట్లోనే ఉండిపోయిన పిల్లలెందరో, ఏ వస్తువుతో ఆడతారో తల్లులనడిగి, పేర్లు లేకుండా రాసి పంపండి. ఆ వివరాలతోనే అధికారుల దగ్గరికి వెళదాం.