ఉపన్యాసం విశాఖ దాటాలి

తలకు దెబ్బ తగిలినవాడు కాసేపటికి లేచి కూర్చుంటాడు. మంచినీళ్లు అడుగుతాడు, పేరడిగితే చెబుతాడు. గండం గడిచిందనుకుని ఇంటికి తీసుకుపోతారు. కొన్ని గంటలకు వాంతులు, మగత, ఆపైన స్పృహ ఉండదు. కపాలం లోపలి గోడను ఆనుకుని సాగే ధమని తెగి, ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య నెత్తురు గడ్డకట్టినప్పుడు ఇలా జరగవచ్చు. కపాలం తెరిచి ఆ గడ్డను వేళకు తీసేస్తే చాలామంది బతికి బట్టకడతారు.

ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ వేళను కిలోమీటర్లలో కొలుచుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. సీతంపేట, కురుపాం కొండల మీది గూడేలకైతే రోడ్డెక్కడమే ఒక ప్రయాణం. తరతరాలుగా ఈ ప్రాంతానికి పెద్దాసుపత్రి అంటే 1923లో మొదలైన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రే (కేజీహెచ్). అక్కడ 1950వ దశకంలో న్యూరోసర్జరీకి పునాది వేసినవారు డాక్టర్ సుంకర బాలపరమేశ్వరరావు.

అప్పటికి దేశంలోనే ఆ విద్య ఊపిరి పోసుకుంటున్న రోజులు. 1949లో వేలూరులో జాకబ్ చాందీ, 1950లో మద్రాసులో బి.రామమూర్తి పని మొదలుపెట్టారు. ఆ ఇద్దరూ మరో ఇద్దరితో కలిసి 1951లో న్యూరలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించారు. సీటీ స్కాన్ అన్న మాటే లేదు. లండన్‌లో తొలి రోగికి ఆ పరీక్ష చేసింది 1971లో. గడ్డ ఎక్కడుందో పోల్చుకోవడానికి మెదడులోని కుహరాల్లోకి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. కంటిపాప ఎంత విచ్చుకుంది, ఏ చెయ్యి కదలడం లేదు, మనిషి ఏ మాటకు పలుకుతున్నాడు, ఇవే ఆనవాళ్లు. ఇప్పటి కుర్ర డాక్టర్లకు ఇది కథలా వినిపించవచ్చు.

బాలపరమేశ్వరరావులాంటివారి పేరున ఉపన్యాస నిధి పెట్టాలనడం మెచ్చుకోదగ్గ ఆలోచనే. చిక్కంతా ఆ తర్వాతే. అసలు బ్యాంకులో పడుతుంది, వడ్డీతో ఏటా ఒక సభ. నగరంలో ఏసీ హాలు, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, తొలిపలుకులకే ముప్పావుగంట. వక్త గబగబా తిప్పే స్లైడ్లు ఆ రంగంలోని పాతికమందికి అర్థమవుతాయి. తర్వాత భోజనాలు. (భోజనాన్ని తప్పుపట్టలేం. నెత్తురు ప్రసరించే తీరును వివరించిన విలియం హార్వే 1656లో లండన్ వైద్యుల కాలేజీకి తన భూమి రాసిచ్చి ఏటా ఉపన్యాసం పెట్టించినప్పుడు, విందు కూడా ఉండాలన్నాడు. ప్రయోగాలతో ప్రకృతి రహస్యాలను వెతకమని సభ్యులకు చెప్పాలనీ అన్నాడు. ఆ ఉపన్యాసం ఇప్పటికీ సాగుతోంది.)

కళింగాంధ్రలో అలాంటి నిధి పెడితే అది ఊళ్లు తిరగాలి. శ్రీకాకుళంలో 2008 నుంచి, విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. నెల్లిమర్లలో మిమ్స్ వైద్య కళాశాల ఉంది. ఒక్కో ఏడు ఒక్కో చోట. పొద్దున డాక్టర్లకు, మధ్యాహ్నం 108 సిబ్బందికి, పీహెచ్‌సీ నర్సులకు, ఆశా కార్యకర్తలకు, లారీ, ఆటో డ్రైవర్లకు. రెండో పూట మొత్తం తెలుగులోనే సాగాలి.

ఆ డబ్బుతో ఆసుపత్రికి ఏ యంత్రమో కొనొచ్చుగా అని అడిగేవాళ్లుంటారు. ఉపన్యాస నిధి వడ్డీ స్కానర్ మరమ్మతుకు కూడా చాలదు. పైగా బండి, వైద్యం ఖర్చు విషయంలో ప్రభుత్వాలు ఎంతోకొంత చేశాయి. 108 అంబులెన్సు 2005లో రోడ్డెక్కింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. దెబ్బ తగిలిన తొలి గంటలో పక్కనున్నవాళ్లకు ఏం చేయాలో తెలియకపోవడమే ఇంకా మిగిలిన లోటు. మెడ కదలకుండా ఎత్తడం తెలియక బస్తాను వేసినట్టు ఆటోలో వేస్తారు. మూర్ఛతో కొట్టుకుంటున్నవాడి చేతిలో తాళాలగుత్తి పెడతారే తప్ప పక్కకు తిప్పి పడుకోబెట్టరు.

1974లో గ్లాస్గో నగర వైద్యులు టీజ్‌డేల్, జెన్నెట్ ప్రచురించిన కోమా స్కేల్‌కు ఏ యంత్రమూ అక్కర్లేదు. కళ్లు తెరుస్తున్నాడా, మాటాడుతున్నాడా, చెప్పినట్టు చెయ్యి కదుపుతున్నాడా అని చూసి 3 నుంచి 15 వరకు అంకె వేయడమే. పలాసలో నర్సు వేసిన అంకె, వేసిన టైముతో సహా రిఫరల్ చీటీ మీద ఉంటే, విశాఖలో సర్జన్ రెండో అంకె వేసి రోగి దిగజారుతున్నాడో లేదో అక్కడికక్కడే పోల్చుకుంటాడు. తొలి ఏడాది ఉపన్యాసానికి ఈ ఒక్క విషయం చాలు.

ఇవన్నీ వేదిక మీది మాటలుగా మిగలకుండా నిధి పత్రంలోనే షరతులుగా రాయాలి: ప్రసంగం తెలుగులో చిన్న పుస్తకంగా అచ్చయి ప్రతి పీహెచ్‌సీకీ చేరాలి, సన్మానాల ఖర్చుకు పరిమితి ఉండాలి, వక్తకు విమానం టికెట్టు ఇచ్చినట్టే భామిని నుంచో మెళియాపుట్టి నుంచో వచ్చే నర్సుకు బస్సు చార్జీ ఇవ్వాలి, ఆ రోజును డ్యూటీగా లెక్కించేలా జిల్లా వైద్యాధికారితో ముందే మాట్లాడి పెట్టాలి.