సెంటున్నరలో ఇల్లు ఎంత ఎత్తున?

సెంటున్నర అంటే 72.6 చదరపు గజాలు. 2020 డిసెంబరులో మొదలైన పట్టాల పంపిణీలో పల్లెల్లోని పేదకు అంతే ఇచ్చారు, పట్టణాల్లో సెంటే. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు కట్టుకోవాలన్నారు, సాయం లక్షా 80 వేలు అన్నారు. ఇల్లు పోను మిగిలేది 35 గజాలు. కృష్ణానది సముద్రంలో కలిసే దివిసీమలోని నాగాయలంకలో వేటకెళ్లే కుటుంబం వల ఆరబెట్టుకోవాలన్నా, గేదెను కట్టేసుకోవాలన్నా ఆ జాగాలోనే. చోటు చాలదని అందరూ అన్నారు. ఇప్పటి ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లంది, మంచిదే. కానీ వెడల్పు కోసం ఇన్నేళ్లు తగువులాడిన మనం ఎత్తు ఊసే ఎత్తలేదు.

1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన వేలమందిని పొట్టనబెట్టుకుంది. ఆ ఉప్పెన దెబ్బతిన్న సొర్లగొంది ఊరి పేరు చెబితే ఇప్పటికీ ఇక్కడి పెద్దవాళ్ల గొంతు మారుతుంది. అది సముద్రం తెచ్చిన నీళ్లు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు కృష్ణమ్మ దిగువ లంకల్ని ముంచింది. ఇటు సముద్రం, అటు ఏరు, నడుమ ఈ చిన్న ఇళ్లు.

జాతీయ భవన నియమావళి ప్రకారం పునాది చుట్టుపక్కల నేలకన్నా కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలి. మామూలు వానకు అది సరిపోతుంది, ఇక్కడి వరదకు ఏ మూలకూ రాదు. 2011 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్ పల్లె తీరాల్లో స్థానికుల ఇల్లు 9 మీటర్లు, రెండంతస్తులు దాటకూడదంది. పైకి హద్దు గీసినవాళ్లు గచ్చు ఏ మట్టానికి పైన ఉండాలో కూడా చెప్పాలి కదా!

ఊరూరా గతంలో నీళ్లెక్కిన గుర్తును బట్టి గచ్చు మట్టం నిర్ణయించి ఇంటి ప్లానులోనే రాయాలి. మెరక తోలకానికి డబ్బు విడిగా ఇవ్వాలి, ఇంటి సాయంలోంచి తియ్యమంటే గోడలు సగంలో ఆగుతాయి. ఎదురుమొండి దీవుల్లో అయితే ఇసుకా సిమెంటూ పంటు మీద ఏరు దాటించాలి, ఆ కూలీ కూడా లెక్కగట్టాలి. శ్లాబు మీదికి మెట్లు తప్పనిసరి చెయ్యాలి. నీళ్లొచ్చిన రాత్రి పిల్లల్ని తీసుకుని ఎక్కడానికి ఇంకేముంటుంది? తుపాను షెల్టర్లను స్తంభాల మీద లేపి కడుతున్నాం. మనిషి రోజూ పడుకునే ఇంటికి ఆ జాగ్రత్త ఎందుకు పట్టదు?

కొత్తగా మూడు సెంట్ల పట్టా ఇచ్చేముందే ఆ మట్టం ఎంతో గ్రామసభలో చెప్పి, సచివాలయం గోడ మీద రాయించండి.